మన యింటికి ఏ టెలిఫోను తగును?

వాడిపట్టి ప్రాంతపు మన తెలుగు కుటుంబములు ఒక్క యూరనే నిలిచియుండుట నేడు అరుదు. కొడుకు చెన్నపట్నమున, కూతురు కోయంబత్తూరున, మనుమడు సింగపూరున నుందురు; అవ్వ మాత్రము ఇక్కడనే యుండును. ఈ బడికి రాని మన పిల్లలలో పలువురు తెలుగు మాటలాడుదురే గాని చదువను వ్రాయను నేర్వలేదు. వారికిని అవ్వకును నడుమ తెలుగును నిలుపుచున్నది ఉత్తరము కాదు, టెలిఫోను. కావున ఏ టెలిఫోను పెట్టుకొనవలెనన్న ప్రశ్న ఖర్చునకు మాత్రమే సంబంధించినది కాదని మా యభిప్రాయము.

ఇప్పుడు మన గొంతు ఇంటర్నెట్టు దారిని పోవుచున్నది. గొంతును సెకనుకు 8,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లుగా మార్చి, అనగా సెకనుకు 64,000 బిట్లుగా పంపుట ఇందులోని పాత పద్ధతి. ఈ సేవ రెండు విధములుగా లభించును. ఇంటికి తీగ వేసి ఇంటర్నెట్టు నిచ్చు సంస్థయే టెలిఫోను సంఖ్యను కూడ నిచ్చుట మొదటిది. ఎవరి తీగపైనైనను నడచు వాట్సాప్ వంటి వేరు సంస్థల సేవ రెండవది.

దూరదేశపు బంధువులతో మాటలాడుటకు రెండవదియే మేలు. నిమిషమునకింత యను రుసుము లేదు. ముఖమును కూడ చూడవచ్చును. అయితే అవతలివారికిని అదే సేవ యుండవలెను. దానినుండి 108కి పిలుచుటకు వీలులేదు. అది మూతపడినచో మనము చేయగలది యేమియు లేదు. 2003లో పుట్టిన స్కైప్ మన దేశములోపలి ఫోనులకు పిలుపులను 2014లోనే ఆపివేసినది. 2025 మే నెలలో పూర్తిగా మూతపడినది.

మొదటిదానికి సంఖ్య కలదు. దానినుండి ఏ ఫోనునకైనను, 108కైనను పిలువవచ్చును. చూపు తగ్గిన అవ్వకు మీటలు నొక్కుటయే సులభము. కాని దీనికిని ఒక లోపము కలదు. పాత రాగితీగ టెలిఫోనునకు విద్యుత్తు ఎక్స్ఛేంజి నుండియే వచ్చెడిది. ఇంట దీపమారినను అది మ్రోగెడిది. నేటి గాజుతీగకు ఇంటిలోని పెట్టె పనిచేయుచుండవలెను. కరెంటు పోయినచో టెలిఫోనును పోవును.

చేత మొబైలుండగా ఇంటికి వేరొక టెలిఫోనేల యని కొందరందురు. మొబైలును వాడనేర్చిన వారికి ఆ మాట సరియే. వృద్ధు లొంటరిగానున్న యింట మాత్రము సంఖ్యగల టెలిఫోను ఉండవలెననియు, పెట్టెకు చిన్న బ్యాటరీ నొకదానిని అమర్చవలెననియు తలిదండ్రులకు మా మనవి. దూరపు బిడ్డల కొరకు రెండవ సేవయు ఉండవచ్చును. ఒకటి ఆపదకు, ఒకటి ముచ్చటకు.

విద్యార్థులారా! 108ని, బంధువుల సంఖ్యలను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి మీ అవ్వ టెలిఫోను ప్రక్కన అంటింపుడు. ఆదివారమునాడు పది నిమిషములైనను ఆమెతో తెలుగున మాటలాడుడు. వీధిలో తమిళము, పుస్తకములో ఇంగ్లీషు మనకు కావలసినవే. కాని "ఏమిరా, తింటివా?" యని ఆమె అడిగినపుడు తెలుగున బదులు చెప్పువాడు లేనిచో, ఎంత మంచి తీగ వేసినను ఫలమేమి?