తెర వెనక ముఖం

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం వెంటనే కనిపించదు. ముందు తెర మీదుగా జడ వచ్చి పడుతుంది. దవడ ఎదుగుదలలో తేడా ఉన్నవాళ్లకు ఆ తెర రోజూ ఉండేదే. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం. ఫొటో అంటే వెనక వరస. పెళ్లి భోజనంలో గారె ముందుపళ్లతో తెగక, ఎవరూ చూడకుండా వేళ్లతో తుంచుకోవడం.

దవడ సరిచేసే ఆపరేషన్ మాటెత్తితే ‘అందం కోసం అంత కోతెందుకు?’ అంటారు ఇంట్లో. అందమొక్కటే అయితే సరే. కానీ పైపళ్లూ కిందిపళ్లూ కలవకపోతే నమలడం కష్టం, కొందరికి ‘స’ కూడా సరిగా పలకదు. వాచికం కూడా తామే చెప్పుకునే కూచిపూడి కళాకారులకు ఆ లోటేమిటో వేరే చెప్పాలా?

చికిత్సా తేలిక కాదు. చాలామందికి ముందు ఏడాదికి పైగా పళ్లకు క్లిప్పులు. తర్వాత నోటి లోపలి నుంచే ఎముక కోసి, జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. కొన్ని వారాలు జావ, మజ్జిగ, పప్పుకట్టు. ముఖమంతా వాపు. కింది పెదవి తిమ్మిరి తగ్గడానికి కొందరికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా పోదు కూడా.

మరి ఫలితాన్ని ఎక్స్‌రేతోనే కొలవాలా? 2000లో బ్రిటన్‌లో సూసన్ కనింగ్‌హామ్ బృందం ఇందుకోసమే 22 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. తినడం, ముఖం తీరు, నలుగురిలో మెలగడం అన్నీ రోగినే అడుగుతుంది.

ఈ సంచికలో మేమూ ముందు రోగుల మాటే విన్నాం. డాక్టర్ల మాట ఆ తర్వాతి పేజీల్లో.

— సంపాదకుడు