గన్ క్లీన్ చేస్తుంటే పేలిందా? ‘మిస్‌ఫైర్’ అనే మాట వెనుక అసలు జరిగేది ఇదీ!

2025 జనవరి 10.. అర్ధరాత్రి వేళ పంజాబ్‌లోని లూథియానా నుంచి ఓ షాకింగ్ వార్త. ఆమ్ ఆద్మీ పార్టీకి చెందిన లూథియానా వెస్ట్ ఎమ్మెల్యే గుర్‌ప్రీత్ గోగీ తన ఇంట్లోనే బుల్లెట్ గాయంతో మృతి చెందారు. లైసెన్స్ ఉన్న పిస్టల్‌ను శుభ్రం చేస్తుండగా ప్రమాదవశాత్తూ పేలిందన్నది అప్పట్లో బయటికొచ్చిన ప్రాథమిక సమాచారం. ఆ సీటు ఖాళీ కావడంతో అదే ఏడాది జూన్‌లో ఉప ఎన్నిక కూడా జరిగింది.

దానికి మూడు నెలల ముందు.. 2024 అక్టోబర్ 1న బాలీవుడ్ నటుడు గోవిందా ముంబైలోని తన ఇంట్లో తెల్లవారుజామున గాయపడ్డారు. ప్రయాణానికి రెడీ అవుతూ లైసెన్స్‌డ్ రివాల్వర్‌ను బీరువాలో పెడుతుండగా చేజారి పేలిందని ఆయన మేనేజర్ చెప్పారు. బుల్లెట్ కాలిలోకి దూసుకెళ్లింది. డాక్టర్లు దాన్ని తీసేయడంతో ప్రాణాపాయం తప్పింది.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి వార్తలు కొత్త కాదు. కానిస్టేబుల్ గన్ క్లీన్ చేస్తుండగా పేలింది, గన్‌మెన్ తుపాకీ పేలి గాయం.. స్క్రోలింగ్‌లో ఇలాంటి లైన్లు అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. వాటన్నింటిలో కామన్‌గా ఉండే పదం ఒకటే.. ‘మిస్‌ఫైర్’. నిజానికి ఈ పదం దగ్గరే మనం ఆగి ఆలోచించాలి.

మిస్‌ఫైర్ అంటే పేలడం కాదు.. పేలకపోవడం!

ఆయుధాల భాషలో మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. ఫైరింగ్ పిన్ తగిలినా ప్రైమర్ అంటుకోకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. మనం వార్తల్లో చూసేది దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ తుపాకీ చక్కగా పనిచేసింది. ట్రిగ్గర్ నొక్కారు, లోపల తూటా ఉంది, పేలింది. మెషిన్ తన పని తాను చేసింది.

ఇదేదో పదాల గొడవ అనుకుంటే పొరపాటే. మిస్‌ఫైర్ అనగానే తప్పు తుపాకీ ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఏదో టెక్నికల్ లోపం అనుకుని అందరూ ఊరుకుంటారు. ఖాళీ చేశారా? చాంబర్ చూశారా? గొట్టం ఎటు తిప్పి పెట్టారు? అసలు అడగాల్సిన ఈ ప్రశ్నలు పక్కకు పోతాయి. నిజంగానే పార్టులు అరిగిపోయో, కింద పడో పేలే సందర్భాలు లేకపోలేదు. కానీ శుభ్రం చేస్తుండగా పేలిందంటే మాత్రం ముందు చూడాల్సింది తుపాకీని కాదు, ఏ పని తర్వాత ఏ పని చేశారన్నది.

మ్యాగజైన్ తీశారు సరే.. చాంబర్ సంగతేంటి?

రివాల్వర్‌కీ సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కీ ఉన్న తేడా ఇక్కడ అర్థం చేసుకోవాలి. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఉంటాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా మోడళ్లలో సిలిండర్‌ను పక్కకు తెరిస్తే ఆరు గదులూ కంటికి కనిపిస్తాయి. ఖాళీగా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

పిస్టల్ అలా కాదు. తూటాలు పిడిలో ఉండే మ్యాగజైన్‌లో ఉంటాయి. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే ఒక తూటా మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనుక భాగంలోకి చేరుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసేసినా సరే, చాంబర్‌లో ఉన్న తూటా అక్కడే ఉంటుంది. బయటికి మాత్రం తుపాకీ ఖాళీగా కనిపిస్తుంది. చేతిలో మ్యాగజైన్ ఉంది కదా, ఇక భయమేముంది అనుకుంటారు. ప్రాణాలు తీసేది ఆ ఒక్క తూటానే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మ్యాగజైన్ తీయకుండానే ముందు స్లైడ్ లాగారనుకోండి. చాంబర్‌లో ఉన్న తూటా బయటికి ఎగిరి పడుతుంది. అది కళ్ల ముందే పడటంతో ఖాళీ అయిపోయిందనిపిస్తుంది. కానీ స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోని ఇంకో తూటాను చాంబర్‌లోకి తోసేస్తుంది. ఇప్పుడు మ్యాగజైన్ తీసినా తుపాకీ లోడ్ అయ్యే ఉంటుంది. చేసిన పనులు అవే రెండు. ముందూ వెనకా అయ్యాయి, అంతే. ఆ తేడానే ప్రాణం మీదకు తెస్తుంది.

క్లీనింగ్ టైమ్‌లోనే ఎందుకు పేలుతుంది?

దీనికి జవాబు పిస్టల్ విప్పే పద్ధతిలోనే ఉంది. మన దేశంలో ఎన్‌ఎస్‌జీ లాంటి దళాలు వాడే గ్లాక్ పిస్టల్‌నే తీసుకుంటే, స్లైడ్‌ను విప్పే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. అది దాని డిజైన్. చాంబర్ చూడకుండా ఆ పని చేస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. బెరెట్టా 92 లాంటి వాటికి పక్కన ఒక లివర్ తిప్పితే చాలు, ట్రిగ్గర్‌తో పనిలేదు.

మన పోలీసులు, బలగాలు ఏళ్ల తరబడి వాడుతున్న 9 ఎంఎం ‘పిస్టల్ ఆటో 1ఏ’ది ఇంకో కథ. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ పిస్టల్‌కు మూలం బ్రౌనింగ్ హై పవర్. ఈ డిజైన్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. వినడానికి మంచి సేఫ్టీనే. కానీ దీనికి రెండు వైపులున్నాయి.

ఒకటి.. విప్పి, తుడిచి, మళ్లీ బిగించాక హ్యామర్‌ను దించాలంటే మ్యాగజైన్ తిరిగి పెట్టాల్సి ఉంటుంది. ఆ టైమ్‌లో ఖాళీది అనుకుని లోడ్ చేసిన మ్యాగజైన్ పెట్టి స్లైడ్ లాగితే కథ మొదటికొస్తుంది. రెండు.. మ్యాగజైన్ లేకపోతే పేలదు అన్న నమ్మకం అలవాటుగా మారుతుంది. అదే అలవాటుతో గ్లాక్ పట్టుకుంటే? దానికి ఆ ఏర్పాటు లేదు. మ్యాగజైన్ ఉన్నా లేకున్నా చాంబర్‌లో తూటా ఉంటే పేలుతుంది.

పోనీ సేఫ్టీ క్యాచ్ వేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు. హై పవర్ లాంటి పిస్టళ్లలో సేఫ్టీ వేస్తే స్లైడ్ కూడా లాక్ అయిపోతుంది. ఖాళీ చేయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. అంటే రిస్క్ ఎక్కువున్న టైమ్‌లోనే ఆ అడ్డు తొలగిపోతుంది. అప్పుడు మిగిలేది చేతి క్రమశిక్షణ ఒక్కటే.

మరి సరైన పద్ధతి ఏది?

ఏ కంపెనీ పిస్టల్ అయినా ఆర్మరర్లు చెప్పే క్రమం ఒకటే.

ముందుగా గొట్టాన్ని సురక్షితమైన వైపు తిప్పాలి. వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన ఫ్రేమ్ మీద ఉండాలి. మ్యాగజైన్ తీసేసి దూరంగా పెట్టాలి. ఆ తర్వాతే స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, అక్కడే లాక్ చేయాలి. చాంబర్‌లోకి కంటితో చూడాలి, వెలుతురు తక్కువగా ఉంటే చిటికెన వేలితో తడిమి చూడాలి. మ్యాగజైన్ ఉండే చోటు కూడా ఖాళీనో కాదో చూసుకోవాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. మధ్యలో ఫోన్ వచ్చినా, ఎవరైనా పిలిచినా, మళ్లీ వచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టాలి.

తూటాలన్నీ వేరే గదిలోకి చేర్చాలి. టేబుల్ మీద ఒక్క రౌండ్ కూడా ఉండకూడదు. ఇదంతా అయ్యాకే విప్పడం.

సాధారణ క్లీనింగ్‌కు పిస్టల్‌ను నాలుగు భాగాలుగా విప్పితే చాలు.. స్లైడ్, బ్యారెల్, రీకాయిల్ స్ప్రింగ్, ఫ్రేమ్. అంతకుమించి లోపలి పిన్నులు, ట్రిగ్గర్ భాగాలు విప్పడం ఆర్మరర్ పని. యూట్యూబ్ చూసి వాటిలో వేలు పెడితే తిరిగి బిగించాక సేఫ్టీ పనిచేస్తుందన్న గ్యారంటీ ఉండదు.

బ్యారెల్‌ను ఫ్రేమ్ నుంచి బయటికి తీశాక వెనుక వైపు నుంచి ముందుకు బ్రష్ చేయాలి. తర్వాత సాల్వెంట్‌లో తడిపిన చిన్న గుడ్డ ముక్కలు, అవి మసి లేకుండా తెల్లగా వచ్చే వరకు. మన బలగాల్లో వాటినే ‘చిందీ’ అంటారు. చివర్లో స్లైడ్ జారే చోట ఒకటి రెండు చుక్కల నూనె చాలు. ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి స్లైడ్ బిగుసుకుంటుంది. ఆ నూనె తూటా ప్రైమర్‌లోకి దిగితే అవసరమైనప్పుడు పేలకపోవచ్చు. అదీ అసలు మిస్‌ఫైర్ అంటే!

సాల్వెంట్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి వంటగది, స్టవ్, సిగరెట్ దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. కిటికీలు తీసి ఉంచాలి. మసిలో సీసం ఉంటుంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు. తిరిగి బిగించాక ఖాళీ పిస్టల్‌తోనే స్లైడ్, సేఫ్టీ పనిచేస్తున్నాయో లేదో చెక్ చేసుకోవాలి. తుడవడం అయిపోయిందన్న రిలీఫ్‌లో లోడ్ చేసి, ఒకసారి చూద్దామని ట్రిగ్గర్ నొక్కే వాళ్లూ ఉంటారు. ప్రమాదం విప్పే ముందే కాదు, బిగించాక కూడా పొంచే ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో ‘సేఫ్ డైరెక్షన్’ ఎటు?

గొట్టం సేఫ్ వైపు పెట్టాలి అని చెప్పడం సులువు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్‌లో కూర్చున్న మనిషికి ఏ వైపు సేఫ్? పైన ఒక కుటుంబం, కింద ఒక కుటుంబం, గోడ అవతల పిల్లల బెడ్‌రూమ్. కిటికీ అద్దం, చెక్క తలుపు, పలచటి పార్టిషన్ బుల్లెట్‌ను ఆపలేవు. గట్టి నేలకు తగిలినా ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం.

బలగాల్లో దీనికి పరిష్కారం ఎప్పటి నుంచో ఉంది. డ్యూటీ దిగాక ఇసుక నింపిన పెట్టె వైపో, ఇసుక బస్తాల వైపో గొట్టం పెట్టి ఖాళీ చేయడం, ‘జాంచ్ శస్త్ర్’ అనగానే చాంబర్ తెరిచి చూపించడం డ్రిల్‌లో భాగం. ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరు చూస్తారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని క్లీన్ చేసే వాళ్లకు లేనిది ఆ రెండో జత కళ్లే. ఖాళీ చేసే చోట ఇసుక నింపిన గట్టి బకెట్ లాంటిది పెట్టుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. అదీ కుదరదనుకుంటే ఇంట్లో ఆ పని మానేసి, ఆర్మరర్ దగ్గరికో లైసెన్స్‌డ్ డీలర్ దగ్గరికో వెళ్లడం మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

9 ఎంఎం పిస్టల్ నిషేధిత బోర్ కిందకి వస్తుంది. సాధారణ పౌరులకు దొరికేది ఎక్కువగా .32 బోర్. లైసెన్స్‌ను జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్ ఇస్తారు. 2016 ఆయుధాల నిబంధనల్లో సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్‌కు, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీ పత్రానికి ప్రత్యేక ఫారాలే ఉన్నాయి. 2019 సవరణతో ఒక్కొక్కరికి ఉండాల్సిన ఆయుధాల పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్స్ గడువును మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

ఇక్కడే అసలు సమస్య. ట్రైనింగ్ ఎప్పుడో ఒకసారి. తుపాకీ మాత్రం ఏళ్ల తరబడి బీరువాలో. పౌరుల దగ్గరున్న చాలా పిస్టళ్లు ఫైరింగ్ రేంజ్ మొహం చూసేది తక్కువ. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు, అయిపోయాక తెచ్చుకుంటారు. ఇంటికి తెచ్చాక దుమ్ము దులుపుదామని కూర్చునే మనిషికి చివరిసారి దాన్ని విప్పింది ఎప్పుడో కూడా గుర్తుండదు. మర్చిపోయిన చేతికీ మర్చిపోని మెషిన్‌కీ మధ్య జరిగేదే ఈ ప్రమాదం.

నిర్లక్ష్యంగా ఆయుధం వాడి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే ఆయుధాల చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. అంటే చట్టం దృష్టిలో ‘తుపాకీ పేలింది’ అన్నది జవాబు కాదు. ఎవరి చేతిలో, ఎలా పేలిందన్నదే ప్రశ్న.

ఏం మారాలి?

లైసెన్స్ రెన్యువల్ టైమ్‌లో కాగితాలతో పాటు, ఓ ఆర్మరర్ ముందు పిస్టల్‌ను ఖాళీ చేసి చూపించే చిన్న టెస్ట్ పెడితే? ఐదు నిమిషాల పని. ఎన్నికల తర్వాత స్టేషన్ నుంచి ఆయుధం తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఇదే చేయొచ్చు. సిబ్బందికి కొత్త రకం పిస్టల్ ఇచ్చినప్పుడు, పాతదానికీ దీనికీ తేడా ఏంటో చేతిలో పెట్టి నేర్పాలి. సర్క్యులర్ పంపితే సరిపోదు.

ఇంట్లో తుపాకీ ఉన్న కుటుంబాలూ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఆయన క్లీన్ చేస్తున్నప్పుడు పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. ‘చాంబర్ చూశారా?’ అని అడగడానికి మొహమాటపడకూడదు. అడిగితే కోపం రావొచ్చు. ఫర్వాలేదు, అడగండి.