సరిహద్దు మండలాల యువతకు గంజాయి బెడద – చట్టంలోనే ఉన్న చికిత్స మార్గం

పెద్దతిప్పసముద్రం మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. చదువు నిమిత్తం మదనపల్లెకు, ఉపాధి నిమిత్తం బెంగళూరుకు వెళ్ళి వచ్చే యువకులు ఈ ప్రాంతపు పల్లెలలో అనేకులు. రాష్ట్రంలో గంజాయి నిర్మూలన చాలాకాలం సాగు ప్రాంతాలపైనే కేంద్రీకృతమైంది. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' క్రింద విశాఖ మన్యంలో తోటలను ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల సరుకును దహనం చేశారు. 2024 నవంబరులో 'ఈగల్' విభాగం, 1972 ఉచిత ఫోన్ నంబరు ఏర్పాటయ్యాయి. సాగు లేని ఇటువంటి మండలంలో అధికారులకు ఎదురయ్యేది తోట కాదు, అలవాటు పడిన పిల్లవాడు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం శిక్షను ప్రధానంగా తూకాన్నిబట్టి నిర్ణయిస్తుంది. గంజాయి 1 కిలో వరకు స్వల్ప పరిమాణం. దీనికి ఏడాది వరకు కఠిన కారాగారం గాని, 10 వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 20 కిలోలు దాటిన వాణిజ్య పరిమాణానికి కనీస శిక్షే 10 సంవత్సరాలు.

అదే చట్టంలోని 64ఎ సెక్షన్‌కు తగిన ప్రచారం అవసరం. సేవించిన నేరానికి గాని, స్వల్ప పరిమాణపు నేరానికి గాని గురైన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందినచో అతనిపై ఆ ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్సను మధ్యలో విడిచిపెట్టినచో ఈ రక్షణను ఉపసంహరించవచ్చు. అమ్మకమే వృత్తిగా గలవారికి ఇది ఉద్దేశించినది కాదు. కేసు భయంతో కుమారుని అలవాటును దాచే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందుగా చెప్పవలసి ఉన్నది. కళాశాలల అవగాహన సభలలో శిక్షల వివరాలతోపాటు దీనికీ చోటు కల్పించడం సమంజసం.

18 ఏళ్ళు నిండనివారి విషయంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. బాలునికి మత్తు పదార్థం ఇచ్చినవారికి 77వ సెక్షన్, అతనిచేత సరుకు మోయించినవారికి 78వ సెక్షన్ క్రింద 7 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మూట దొరికిన బాలునితో దర్యాప్తు ఆగిపోయినచో ఆ మూట అతని చేతికిచ్చినవారు తప్పించుకుంటారు.

రాష్ట్ర విభాగపు 1972తోపాటు, 2024 జూలైలో దేశమంతటికీ ప్రారంభమైన 'మానస్' 1933 నంబరు సరిహద్దు గ్రామాలకు ఉపయుక్తం. వ్యసన విముక్తి సలహాలకు 14446 ఉన్నది.

పత్రికలవారు 74వ సెక్షన్‌ను గమనించవలసి ఉన్నది. కేసులోని బాలుని పేరు, చిరునామా, పాఠశాల, గుర్తుపట్టగల ఏ వివరమూ ప్రచురించరాదు. చిన్న పల్లెలో తండ్రి వృత్తిని పేర్కొన్నా పిల్లవాడెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.