హజ్ ఆరోగ్య పరీక్షలో దాపరికం ఎందుకు?

హజ్ దరఖాస్తుదారులకు డాక్టరు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. వరంగల్, హనుమకొండ, కాజీపేటలలోని కొన్ని కుటుంబాలలో ఆ పత్రం ఎలా సిద్ధమవుతున్నదో పాఠకులకు మేం చెప్పనక్కరలేదు. కొడుకో, అల్లుడో కాగితం పట్టుకుని తెలిసిన డాక్టరు దగ్గరికి వెళతాడు. హజ్‌కు వెళ్ళవలసిన పెద్దాయన ఇంట్లోనే ఉంటాడు. పదేళ్ళుగా వాడుతున్న షుగరు మాత్రలు, ఆ మధ్య గుండెకు వేసిన స్టెంటు, రాత్రిళ్ళు వచ్చే ఆయాసం, వీటిలో ఏదీ కాగితం మీదికి ఎక్కదు. నిజం చెబితే పేరు తీసేస్తారన్న భయం! జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో చేతికందిన అవకాశం జారిపోతుందన్న బెంగ! ఆ బెంగ మాకు అర్థం కానిది కాదు. కానీ రేపు ఇహ్రాం ధరించి లబ్బైక్ పలకబోయే నోటితో ముందుగా అసత్యం పలికించడం సబబేనా?

స్తోమత గలవారికే హజ్ విధి అని దివ్య ఖురాన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా తెలుపుతోంది. స్తోమత అనగానే మనవాళ్ళకు డబ్బే గుర్తుకొస్తుంది. దారి ఖర్చులు, ఇంటివారి పోషణ, తీర్చవలసిన అప్పులు, వీటన్నిటి గురించి ఆలిములను అడిగి తెలుసుకుంటారు. ఒంట్లోని శక్తి కూడా స్తోమతలో భాగమేనని ధర్మశాస్త్ర పండితులు ఏనాడో చెప్పారు. కోలుకునే ఆశలేని రోగి తన తరఫున మరొకరిని పంపుకునేందుకు హజ్జె బదల్ మార్గాన్ని షరీఅత్ తెరిచే ఉంచింది. డయాలిసిస్ మీద ఉన్నవారిని, కొద్దిపాటి శ్రమకే ఆయాసపడే గుండె జబ్బువారిని ఇటీవలి సంవత్సరాలలో సౌదీ ప్రభుత్వం రావద్దంటోంది. ఇది కఠినమని కొందరి బాధ. అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకోవడానికి నామోషీ పడటం అంతకన్నా కఠినం కాదా?

'అల్లాహ్ ఇంటికి వెళ్ళేవారికి జబ్బుల భయమేమిటి?' అనే మాట కూడా తరచు వింటుంటాం. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి, అక్కడ ప్లేగు ఉన్నదని తెలిసి దారిలోనే వెనుదిరిగారు. అల్లాహ్ విధిరాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఆ విధిరాత నుంచి ఈ విధిరాత వైపుకే వెళుతున్నామన్న భావంతో బదులిచ్చారు. వ్యాధి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరిలో వ్యాధి వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చేసిన బోధ కూడా హదీసు గ్రంథాలలో ఉంది.

హజ్ యాత్రను అంటురోగాలు బాధించడం కొత్తేమీ కాదు. 1865లో కలరా ప్రబలి 90 వేల మంది యాత్రికులలో 15 వేల మంది వరకు మరణించారని అంచనా. మనవాళ్ళు బొంబాయి నుంచి ఓడలో వెళ్ళిన కాలంలో ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో ఓడలను ఆపి యాత్రికులను విడిగా ఉంచేవారు. ఓడ ప్రయాణాలు 1995తో ముగిశాయి. విమానంలో గంటల్లో వెళ్ళి గంటల్లో తిరిగివస్తున్న ఈ రోజుల్లో ఆ దీవి చేసిన పని టీకా చేయవలసి వస్తోంది.

అందులో ముఖ్యమైనది మెనింజైటిస్ టీకా. మెదడు చుట్టూ ఉండే పొరలకు సోకే ఈ జబ్బు ఒక్క రోజులోనే మనిషిని బలిగొనగలదు. 1987 హజ్‌లో దీని 'ఏ' రకం విజృంభించింది. 2000, 2001 సంవత్సరాలలో 'డబ్ల్యు135' అనే మరో రకం వచ్చిపడింది. అప్పట్లో వేస్తున్న టీకా ఏ, సీ రకాలకే పనిచేసేది. అందుకే ఆ తరువాత నాలుగు రకాలనూ అడ్డుకునే టీకాను తప్పనిసరి చేశారు. ఈ క్రిమి కొందరి ముక్కులో, గొంతులో వారికే బాధా కలిగించకుండా కాపురముంటుంది. 2000లో బ్రిటన్, ఫ్రాన్స్‌లలో హాజీల ఇళ్ళలోని వారికి కూడా జబ్బు సోకింది. కనుక ఈ టీకా తాతగారి కోసమే కాదు, ఆయన తిరిగిరాగానే మెడకు చుట్టుకునే మనవల కోసం కూడా.

అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకోవాలి. శరీరంలో రక్షణ తయారవడానికి అంత సమయం పడుతుంది మరి. తెల్లగడ్డాల పెద్దలకు పోలియో చుక్కలేమిటని శిబిరాలలో నవ్వుకుంటారు. మన దేశం 2014లో పోలియోరహితమని గుర్తింపు పొందినా, ఆ క్రిమి ఇంకా వదలని పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చేవారితో కలిసి తవాఫ్ చేయాలి కదా!

హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి ప్రభుత్వమే టీకాలు వేయిస్తున్నది. మా ఆందోళనంతా ఉమ్రాకు వెళ్ళేవారి గురించే. హోటలు హరం షరీఫ్‌కు ఎన్ని మీటర్ల దూరమో, వంటవాడు హైదరాబాదీయో కాదో గ్రూపుల కరపత్రాలలో తప్పక ఉంటుంది. టీకా ఊసు వెతికితే గాని కనిపించదు. 2024లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఉమ్రా ప్రయాణంతో సంబంధమున్న 12 మెనింజైటిస్ కేసులు బయటపడ్డాయి. టీకా వివరాలు తెలిసిన తొమ్మిది మందిలో ఒక్కరూ టీకా వేయించుకోలేదు.

టీకాలో హరాం పదార్థాలు ఉంటాయేమోనని సందేహించేవారున్నారు. సందేహం తప్పు కాదు. 2010లో ఇండోనేషియా ఉలమాల మండలి ఒక్కొక్క టీకాను పరిశీలించి కొన్నింటిని హలాల్ అని, ఒకదానిని కాదని తేల్చింది. అలా విచారించి తెలుసుకోవడం పద్ధతి. విన్నమాట పట్టుకుని మొత్తానికే మానుకోవడం పద్ధతి కాదు.

ఎండ మనకు కొత్తా అని ఓరుగల్లువాసులు అనుకోవచ్చు. 2024 జూన్‌లో మస్జిదె హరాం వద్ద 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ హజ్‌లో 1,300 మందికి పైగా మరణించారు. ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, నీడ లేక ఎండలో నడిచినవారే. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడిస్తేనే మూడు కిలోమీటర్లు దాటుతుంది. ఇంటి ముందు కుర్చీలో కూర్చోవడం అలవాటైన పెద్దలను మూడు నెలల ముందు నుంచే ఫజర్ నమాజు తరువాత కొంతదూరం నడిపించండి.

ఆడవారి విషయం ఒకటి చెప్పాలి. తవాఫ్‌కు ఆటంకం రాకూడదని నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల దుకాణంలో అడిగి కొంటుంటారు. బీపీ ఉన్నవారికి, రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి అవి ప్రమాదం కావచ్చు. లేడీ డాక్టరును అడిగి గాని వాడవద్దు.

ఇన్సులిన్‌ను సామాను పెట్టెలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. మందుల పేర్లు, జబ్బుల వివరాలు ఇంగ్లీషులో రాయించిన చీటీ మెడలోని సంచిలో ఉండాలి. మక్కాలో మన దేశపు వైద్య బృందంలోని డాక్టరు కేరళవాసి కావచ్చు, అస్సాంవాసి కావచ్చు. స్పృహలేని పెద్దాయనకు షుగరు ఉన్నదో లేదో ఆయనకు చెప్పేది ఆ చీటీ ఒక్కటే.