బొమ్మ ఉందిగా అని భోషాణం అమ్మేస్తారా?

పాత సామాను వదిలించుకోవాలనుకునే ఇళ్ళల్లో ఈ మధ్య ఒక కొత్త మాట పుట్టింది. ఇదివరకు "చెదలు పట్టిపోతోంది, ఇచ్చేద్దాం" అనేవారు. ఇప్పుడు "కంప్యూటర్లో అచ్చం అలాగే చేయించేద్దాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు" అంటున్నారు. పందిరి మంచాలు, పడక కుర్చీలు, భోషాణాలు అన్నిటికీ ఇదే మంత్రం. అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టనిదల్లా తెరమీద పడుతుందని ధైర్యం కాబోలు!

ఆ విద్యని నేనేమీ తప్పుపట్టడం లేదు. 2006లో ఐకియా వాళ్ళు తమ క్యాటలాగులో మొదటిసారి కంప్యూటర్లో తయారైన బొమ్మ వేశారు. అదొక చెక్క కుర్చీ, పేరు బెర్టిల్. ఆ తరవాత ఇలాంటి బొమ్మలు ఎంతగా పెరిగాయంటే, మనం క్యాటలాగుల్లో చూసి ముచ్చటపడే మంచాలూ బల్లలూ చాలావాటికి ఫొటో తీసే పనే లేకుండా పోయింది. పైగా నేర్చుకోవడానికి ఖర్చు కూడా లేదు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 2002లో దాన్ని వాడేవాళ్ళూ, అభిమానులూ చందాలు వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి దాన్ని అందరి సొత్తు చేశారు.

మా ఆడపడుచు కొడుకు ఈ చదువే చదువుతున్నాడు. మా అత్తగారి భోషాణాన్ని వాడు తెరమీద కట్టడం దగ్గర కూర్చుని చూశాను. ముందు ఒట్టి పెట్టె. తరవాత అంచులన్నీ రవ్వంత గుండ్రం చేశాడు. ఎంత చిత్రిక పట్టినా నిజం చెక్కకి కత్తివాదర లాంటి అంచు ఉండదట, ఆ గుండ్రం మీదే వెలుగు సన్నగా మెరుస్తుందట. ఇక చెక్క రంగు అద్దాలంటే పెట్టెని విప్పి కాగితంలా పరుచుకోవాలి. జాకెట్లు కుట్టేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వీపు, ముందు భాగం, చేతులు విడివిడిగా పరిచి కత్తిరించుకోమూ? అదే పని. నేత అడ్డం తిరిగితే జాకెట్టు పాడైనట్టే, చెక్క చారలు అడ్డం తిరిగితే బొమ్మ పాడవుతుంది. పలక పొడుగునా చారలు సాగాలి, కోసిన కొసన మాత్రం వలయాల ముక్కలు కనబడాలి.

తీరా చేశాక షోరూములోంచి దిగినట్టుంది. మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "బావుందిరా, ఎవరిదీ?" అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు పని. మూత ఎడమ చివర అరిగి ఉంటుంది, ఎందుకంటే కుడి చంకలో ఎప్పుడూ ఓ పిల్లో పిల్లాడో ఉండేవారు. మధ్యలో నున్నగా మెరుస్తుంది, దాని మీద కూచునే కదా బియ్యం ఏరింది. ఆవకాయ జాడీ పెట్టినచోట నూనె మరక గుండ్రంగా నల్లబడింది. దీపం సెమ్మె ఒరిగి కాలిన మచ్చ ఒకటి. ఆవిడ చెబుతుంటే వాడు ఎక్కడ నునుపు, ఎక్కడ గరుకు అని ఒక్కొక్కటే దిద్దాడు. అరుగుదలకి కూడా ఓ కారణం ఉంటుందనీ, ఇష్టం వచ్చిన చోట గీతలు గీస్తే అది పాతదనం అవదనీ ఆ పిల్లవాడికి ఏ పాఠం చెప్పింది? వాళ్ళ అమ్మమ్మ చెప్పింది.

ఇంకో ముచ్చట. టేపు పట్టి కొలుస్తుంటే బయట ఎత్తుకీ లోపలి లోతుకీ లెక్క కుదరలేదు. చెక్క మందం తీసేసినా నాలుగంగుళాలు తేడా. "ఇదెక్కడికి పోయిందత్తా?" అని నన్నడిగాడు. నాకేం తెలుసు? మా అత్తగారు నవ్వి, అడుగు పలక ఓ మూల నొక్కి పైకి లేపారు. కింద దొంగ అర! పాలమ్మిన డబ్బులు, పిల్లల పరీక్ష ఫీజులు అందులోంచే వచ్చేవట. నలుగురు కొడుకులకీ ఈ సంగతి తెలీదు. (ఇప్పుడది ఖాళీ కాబట్టే రాస్తున్నాను.)

నే చెప్పేదేమంటే, ఈ బొమ్మ చేయడం వల్ల వస్తువు గురించి తెలియాలి గాని, వస్తువుని సాగనంపడానికి అది వంక కాకూడదు. మా బావగారు బొమ్మ సగంలో ఉండగానే కొనేవాణ్ణి మాట్లాడేశారు. "గుర్తుకి ఇది ఉంటుంది కదమ్మా" అని తల్లికి చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఆ భోషాణం మా అత్తగారి నాయనమ్మది. సారెతో పాటు రెండెడ్ల బండి మీద ఆవిడ వెంట వచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం పెళ్ళప్పుడు ఆడపిల్లకి ఇచ్చింది, బంగారమైనా బల్ల అయినా, పూర్తిగా ఆమెదే. ఉంచాలన్నా, అమ్మాలన్నా, ఆ డబ్బు తీసుకోవాలన్నా మాట ఆవిడది. చెప్పకూడదు గానీ, పుట్టింటి వెండి చెంబుల లెక్క గుర్తున్న మనకి చెక్క సామాను లెక్క ఎందుకో గుర్తుండదు.

ఆవిడకే అమ్మాలని ఉంటే సంతోషంగా అమ్ముకోవచ్చు. రెండు గదుల ఫ్లాటులో ఆ బరువు మోయమని కోడళ్ళని అనే హక్కు కూడా ఎవరికీ లేదు. అప్పుడు ఈ బొమ్మ నిజంగా పనికొస్తుంది. కాకపోతే పైపై ఫొటోలు నాలుగు తీసి చేయించకండి. తలుపు తెరిచి లోపల కొలిపించండి. చెక్కలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో, మేకులున్నాయో లేదో చూపించండి. ఇత్తడి గొళ్ళెం బరువు కూడా రాయించండి. దాన్ని వాడినావిడని పక్కన కూచోబెట్టండి. కంప్యూటర్లు ఏటేటా మారతాయి కాబట్టి కొలతలు ఒక కాగితం మీదా వేయించి దాచండి.

మా అత్తగారు ఏం చేస్తానన్నదీ ఇంకా చెప్పలేదు. బావగారు మాత్రం కొనేవాడికి ఫోన్లు చేయడం మానేశారు.