వ్యాపారధర్మము – కోలారు గనుల సాక్ష్యము

కోలారు బంగారు గనులయందలి సయనైడు దిబ్బలను వేలము వేయుటకు కేంద్ర ప్రభుత్వము చేసిన ప్రతిపాదనను కర్ణాటక మంత్రివర్గము 2024 జూను నెలలో అంగీకరించెను. ఇవి 13 దిబ్బలు. వేయి యెకరములకు మించిన నేలను ఆక్రమించియున్నవి. రాతిని పిండిచేసి, సయనైడు ద్రావకముతో బంగారమును రాబట్టిన పిదప మిగిలిన పొడి వీనిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు కలదు. పూర్వపు యంత్రములకు చిక్కక ఆ పొడిలో మిగిలియున్న బంగారము నేటి విధానములకు చిక్కునని నిపుణులు చెప్పుచున్నారు. ఆ బంగారమెంత, దాని వెలయెంత యను చర్చ విశేషముగా జరిగినది. ఆ దిబ్బల నీడను తరతరములుగా బ్రదుకుచున్న ప్రజలకు చెల్లవలసిన దెంత యను చర్చమాత్రము అంతగా వినరాదు. మేము నేడు విచారింపదలచినది ఈ రెండవ లెక్కను గూర్చియే.

కోలారు జిల్లా కర్ణాటకమున నున్నను ఇంటింట తెలుగు వినవచ్చు సీమ. గనులలో దిగినవారిలో తమిళులతోపాటు చిత్తూరు ప్రాంతమునుండి వచ్చిన తెలుగువారును కలరు. వారిలో పెక్కుమంది స్వగ్రామములలో సెంటు భూమియైనను లేక, అంటరానివారని త్రోసివేయబడి, కూలికై కొండలు దాటి వచ్చిన పేదలు. కావున ఇది పొరుగువారి గొడవయని మనము ఉపేక్షింప వీలులేదు.

1880లో జాన్ టెయిలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల కంపెనీ ఈ గనుల నిర్వహణమును చేపట్టెను. ఆ కంపెనీ చేసిన పనులలో మెచ్చదగినవి లేకపోలేదు. 1902లో శివసముద్రము జలపాతమునుండి సుమారు 90 మైళ్ల దూరము తీగెలు వేసి ఇచ్చటికి విద్యుచ్ఛక్తి తెచ్చిరి. ఆ కాలమున అంతదూరము విద్యుత్తును పంపిన దేశములే అరుదు. పాలారు నీటిని బేతమంగలమున శుద్ధిచేసి గొట్టములద్వారా కొనివచ్చిరి. ఆసుపత్రియు, రైలుమార్గమును ఏర్పడెను. త్రవ్వకములు సాగిన నూటయిరువది సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము ఈ నేలనుండి వెలువడెను. లండనులోని వాటాదారులకు డివిడెండును, మైసూరు సంస్థానమునకు రాయల్టీయు ముట్టెను. ఈ లెక్కలన్నియు కంపెనీ పుస్తకములలో పైసతోసహా కలవు.

ఆ పుస్తకములకెక్కని లెక్కలు మఱికొన్ని కలవు. భూమిలో మూడు కిలోమీటర్లకు మించిన లోతున, ఉడికించు వేడిమిలో రాతిని తొలిచినవారి ఊపిరితిత్తులలో రాతిపొడి పేరుకొని సిలికోసిస్ అను వ్యాధి కలిగెను. ఆ వ్యాధికి పరిహారము చెల్లింపవలెనను నియమములను మైసూరు ప్రభుత్వము 1940లో గాని చేయలేదు. అనగా త్రవ్వకము ఆరంభమై అరువది సంవత్సరములు గడచినవి. 1940–46 మధ్య ఏడువేలకు పైగా కార్మికులను పరీక్షింపగా నూటికి 40 మందికి మించి ఈ వ్యాధి చిహ్నములు కనబడెను. ఇంత వ్యాధి ఒక్కనాటిలో పుట్టినది కాదు. వెనుకటి అరువది యేండ్లలో దగ్గుచు స్వగ్రామములకు మరలి, ఏ లెక్కకును అందక గతించినవారి ఖర్చును భరించినదెవరు? వారి భార్యలు, బిడ్డలు, వారి పల్లెలు. కంపెనీ లాభమని వ్రాసికొనిన దానిలో కొంత నిజముగా వీరినుండి అడుగక తీసికొనిన అప్పు.

కార్మికుని మానముపట్లను ఇట్లే జరిగెను. బంగారము దొంగిలింతురను అనుమానముతో అందరి వ్రేలిముద్రలు తీసి నమోదు చేయుటకు కంపెనీలు పూనుకొనగా, 1930లో వేలకొలది కార్మికులు పని మానిరి. కూలి పెంపుకంటె ముందు వారు కోరినది తమ్ము దొంగలుగా ఎంచవలదనియే. 1946 నవంబరు 4వ తేదీన పోలీసులు కాల్చిన తుపాకులకు ఆరుగురు కార్మికులు బలియైరి.

తెల్లదొర పోయినంతమాత్రమున ధర్మము దానంతట నెలకొనలేదని గూడ మేము స్పష్టముగా చెప్పవలసియున్నది. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్ర ప్రభుత్వమును ఈ గనులను వశపరచుకొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన పని నిలిచిపోయెను. గనిని మూయునపుడు నేలను ఎట్లు బాగుచేయవలెనో, కార్మికులకేమి చేయవలెనో ముందుగనే ప్రణాళిక సమర్పించి, దానికి పూచీధనము చూపవలెనను నియమము మన దేశమున 2003లో వచ్చినది. రెండు సంవత్సరములు ఆలస్యమైనది! ప్రభుత్వమే యజమానియైన గనికి ఇట్టి బుద్ధి పుట్టుటకు చట్టము రావలెనా? ఏరు దాటి తెప్ప తగులవేసిన నింద ఆంగ్ల కంపెనీకి ఎంత చెల్లునో మన ప్రభుత్వమునకును అంతియే చెల్లును.

నష్టము వచ్చు గనిని ఎన్నాళ్లు నడుపుదురని కొందఱడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. బంగారపు పాళ్లు తగ్గినవి, లోతు పెరిగినది, ఖర్చు హెచ్చినది. మూయుట తప్పని మేము వాదింపము. గని యేనాడైనను అయిపోవునను సంగతి దానిని త్రవ్వుటకు దిగిన మొదటిదినముననే యజమానికి తెలియును. తెలిసియుండియు, లాభములు వచ్చు దినములలో ఆ తుదిదినమునకై ఒక భాగము ప్రత్యేకించి దాచకపోవుటయే తప్పు. యంత్రము అరిగిపోవునని ఏటేట తరుగుదల వ్రాయు లెక్కలవారికి, మనుష్యుని రొమ్ము అరిగిపోవునని తోచకపోవుట విచిత్రము.

ఇది గతించిన కథయని తలచువారు అదే జిల్లాలోని క్రొత్త పరిశ్రమలను చూడవలెను. కోలారు పట్టణమును అంటియున్న తమకయందును, బెంగుళూరు త్రోవలోని నరసాపురమునందును నేడు పారిశ్రామికవాడలు వెలసినవి. 2020 డిసెంబరు 12వ తేదీన నరసాపురములో ఆపిల్ ఫోనులను కూర్చు విస్ట్రాన్ కర్మాగారమున, వేతనములు సరిగా ముట్టలేదని కార్మికులు తిరుగబడి అద్దములు, యంత్రములు పగులగొట్టిరి. ఆ విధ్వంసమును మేము సమర్థింపము. అయినను దానికి ముందు జరిగినదేమి? కొద్దికాలములో కార్మికుల సంఖ్య 5,000 నుండి 10,500కు పెరిగినదనియు, వారి మంచిచెడ్డలు చూచు సిబ్బందిని తగినట్లు పెంచలేదనియు రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ తేల్చెను. అక్టోబరు, నవంబరు నెలలలో కొందఱికి జీతములు ఆలస్యమైనట్లు ఆపిల్ కంపెనీయే ప్రకటించి, విస్ట్రానుకు క్రొత్త పని ఇచ్చుట ఆపెను. విస్ట్రాన్ క్షమాపణ చెప్పి, తన ఉపాధ్యక్షునొకని తొలగించెను. 2023లో ఆ కర్మాగారము టాటావారి చేతికి వచ్చెను.

అచ్చటి కార్మికులలో అత్యధికులు కంట్రాక్టర్లద్వారా చేరినవారు. పనిచేయుట ఒకరికి, జీతమడుగుట వేఱొకరిని. కంట్రాక్టరు కూలి యెగవేసినచో అసలు యజమానియే చెల్లింపవలెనని 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టము శాసించెను. 2020లో అది అమలునందుండెను. న్యాయస్థానములకు పోయి గెలువదగిన హక్కే యది. కాని నెలజీతముపై బ్రదుకు యువకునికి న్యాయస్థానము ఎంత దూరమో మాబోటి న్యాయవాదులకు తెలియనిది కాదు.

2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత పరిమితిని మించిన కంపెనీలు వెనుకటి మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సంఘహితమునకు వెచ్చింపవలెను. మంచి నియమమే. దాని మూలమున బడులకు గదులు, ఊళ్లకు నీటియంత్రములు వచ్చినవి. అయితే ఈ రెండు వంతులతో బాధ్యత తీరినదని భావించు అలవాటు ప్రబలుచున్నది. గోవును చంపి చెప్పులు దానము చేయువాని పుణ్యమెట్టిదో మన పెద్దలెఱుగుదురు. దానము లాభము తేలిన పిదప చేయునది. ఋణము లాభము తేలుటకు ముందే తీసివేయవలసినది. కూలి, ఆరోగ్యము, పాడైన నేల, కలుషితమైన నీరు ఇవి ఋణములు. వీనిని తీర్చక మిగిల్చినది లాభమే కాదు. దానిలోనుండి చేసినది దానమును కాదు. వ్యాపారధర్మమునుగూర్చి మా సిద్ధాంతము ఇంతియే.

మన ఆంధ్రదేశమునకును ఇది నేడు అవసరమైన పాఠము. చిత్తూరు సీమలోని బిసానత్తము, చిగురుగుంట గనులును, అనంతపురము సీమలోని రామగిరి గనులును ఆ భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో నడచి మూతపడినవే. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ బంగారపు పనికి పూనుకొనినది. పచ్చని కాగితములపై ఉద్యోగముల సంఖ్యను చూపి అనుమతులు పొందుట సులభము. గని తెఱచునాడే దాని మూత ఖర్చును లెక్కగట్టి, ప్రజల యెదుట పెట్టుమని అడుగువారు మనలో ఉండవలెను.

కోలారు దిబ్బల విషయమున మా కోరిక స్పష్టము. వేలము ఎప్పుడు జరిగినను, దిబ్బను కదలించునపుడు లేచు ధూళిని అణచుటకును, నేలను తిరిగి నిలుపుటకును కావలసిన ధనమును పాడినవాడు ముందే ప్రత్యేకముగా జమచేయవలెను. పూర్వపు గనికార్మికులకును, దిబ్బల చుట్టునున్న వాడలవారికిని ఊపిరితిత్తుల పరీక్షలు, వైద్యము ఆ బంగారపు వెలనుండియే జరుగవలెను. పాత కంపెనీ యిండ్లలో కాపురమున్న కుటుంబముల నివాసమునకు భంగము రాదని వేలపు షరతులలోనే వ్రాయవలెను. ఈ ఖర్చులు చేర్చినయెడల పాట ధర తగ్గునని అధికారులు చెప్పవచ్చును. తగ్గనిండు. ఆ తగ్గినంత సొమ్ము మొదటినుండియు సర్కారుది కాదు, కంపెనీది కాదు. మారికుప్పము, ఛాంపియన్ రీఫ్ వాడలలోని దగ్గుచున్న వృద్ధులది.