ఉమ్మడి పొలంల పెంట ఎత్తేది ఎవరు?

"కమ్యూనిజం ఖతమైంది" అని ఇప్పుడు చాయ హోటళ్ల కాడ మాట నడుస్తున్నది. 2025 మే 21న నంబాల కేశవరావును ఛత్తీస్‌గఢ్ అడవిల చంపిన్రు. అదే ఏడు అక్టోబర్‌ల పెద్దపల్లి బిడ్డ మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిల తుపాకి అప్పజెప్పిండు. దొరల మనుమలు సంబురపడుతున్నరు. "అందరు సమానమైతే పని ఎవడు చేస్తడు? మనిషికి ఆశ సహజం. అది పుస్తకాలల్లనే నడుస్తది" అని మనకే బుద్ధి చెప్తున్నరు. మన వాడల పిలగాండ్లు గూడ ఇదే అడుగుతున్నరు. దీనికి మనం జవాబు చెప్పాలె.

మనిషి ఆశపోతు కాబట్టి ఉమ్మడి నడవదనేది అబద్ధం. కరీంనగర్ ఊర్లల్ల చెరువు ఊరందరిది. తూము ఎత్తి, ఏ మడికి ఎన్ని నీళ్లు పారాల్నో చూసింది నీరటి. ఆయన ఎక్కువగ మన వాడ మనిషే. ఊరంతటికి న్యాయంగ నీళ్లు పంచిన ఆ మనిషికి అదే చెరువు కింద ఎంత భూమి ఉన్నది? కళ్లం కాడ ఇచ్చే ఇంత మేర గింజ తప్ప ఆయన చేతికొచ్చింది తక్కువ. అంటే ఉమ్మడి నడిచింది. కులం మీద నడిచింది.

శక్తి కొద్ది పని, అవసరం కొద్ది పంపకం అన్నడు మార్క్స్. మన ఊర్ల ఎవరి శక్తి ఎంత, ఎవరి అవసరం ఎంత అనేది కులం ఎప్పుడో రాసిపెట్టింది. మన శక్తి అంటే చచ్చిన గొడ్డును ఈడ్చుడు, డప్పు కొట్టుడు, నాటు వేసుడు. మన అవసరం అంటే గట్క, ఇంత కారం. దొర శక్తి అంటే గద్దె మీద కూసోని లెక్క చూసుడు. ఆయన అవసరం సన్నబియ్యం, నెయ్యి. ఈ రాత చెరపకుండ భూమిని ఉమ్మడి చేస్తే ఏమైతది? ఆ పొలానికి అధ్యక్షుడు రెడ్డో వెలమో అయితడు. పెంట ఎత్తేది మన ఆడోళ్లే అయితరు.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఉమ్మడి సేద్యానికి శత్రువు గాదు. 1947ల 'రాష్ట్రాలు, మైనారిటీలు' అనే పత్రంల ఆయన భూమంతా ప్రభుత్వానిది కావాలన్నడు. కుల భేదం లేకుండ ఊరోళ్లకు ఇచ్చి ఉమ్మడిగ దున్నియ్యాలన్నడు. భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలి అనేటోళ్లే ఉండొద్దన్నడు. ఇది రాజ్యాంగంలనే రాయాలన్నడు. రాయలేదు. ఇంత దూరం పోయిన మనిషి కమ్యూనిస్టుల ఎనక ఎందుకు పోలేదు? బొంబాయి బట్టల మిల్లులు చూసిండు గనుక. నేత ఖాతాల అంటరానోళ్లను పెట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ దారాన్ని నోటి తడితోటి అతకాలె. యజమాని ఒక్కడే, సైరన్ ఒక్కటే. ఎంగిలి కాడికి వచ్చేసరికి కార్మికవర్గం రెండుగ చీలింది.

మరి మన జిల్లాలు ఏం చెప్తున్నయి? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. దొరలకు చాకలి, మంగలి పనులు బంద్ అయినయి. తరతరాలు మన మీద పెట్టిన వెలి మొదటిసారి గడీ మీదికి తిరిగింది. అక్టోబర్ కల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల గోండులు భూమి అడిగితే కాల్చిన్రు. సర్కారు లెక్క 13 మంది, జనం లెక్క అంతకు శానా ఎక్కువ. వెట్టి పోయిందన్నా, కూలి పెరిగిందన్నా, "బాంచెన్" అనుడు బంద్ అయిందన్నా ఆ నెత్తురుతోటే. ఆ మేలు మరువం. కాని 1980ల పీపుల్స్‌వార్ పెట్టినోళ్లల్ల ఒకడైన దళితుడు కె.జి. సత్యమూర్తి కులం ప్రశ్న లేవదీసి ఆ దశాబ్దంలనే పార్టీ బయటికి రావాల్సి వచ్చింది. ఆ సంగతి గూడ మరువం. నెత్తురు కాడ అందరం సమానమైనం, నాయకత్వం కాడ కాలేకపోయినం.

జగిత్యాల లేచిన 1978ల్నే, చివర్ల, చైనాల షియావోగాంగ్ అనే ఊరి 18 ఇండ్ల రైతులు కమ్యూన్ భూమిని చాటుంగ పంచుకున్నరు. వాళ్లది ఆశ అందామా? 1959 నుంచి మూడేండ్ల కరువుల లక్షలు గాదు, కోట్ల మంది చచ్చిన దేశం అది. గింజలు లేవని పైకి చెప్పే హక్కు ఊరికి లేదు. ఉన్నయని చెప్పినోడికి మెప్పు. కొలిచేటోన్ని తినేటోడు ప్రశ్నించలేని జాగ మీద ఎర్రజెండా ఉన్నా అది గడీనే.

పాత కరీంనగర్ జిల్లాలనే ముల్కనూర్ ఉన్నది. 1956ల పెట్టిన సహకార బ్యాంకు ఇంకా నడుస్తున్నది. అప్పు, విత్తనం, అమ్మకం కలిసి చేసుకుంటరు. కాబట్టి మనోళ్లకు కలిసి బతుకుడు చాతగాదనే మాట నమ్మకున్రి. కాని రైతుల సహకారం భూమి మీద నిలబడ్డది. భూమే లేనోడు దేంతోటి సహకరిస్తడు? రెక్కలతోటేనా?

అందుకే మా మాట ఇది. సమసమాజం నడుస్తది. అయితే విప్లవం అయినంక కులం సంగతి చూద్దామనేటోళ్ల చేతుల నడవదు. ఏ జెండా వాళ్లయినా, మీ ఊరి సంఘంల మూడు సంగతులు చూడున్రి. లెక్కల పుస్తకం ఎవరి చేతుల ఉన్నది? మీటింగ్ అయినంక మాదిగ వాడల వండిన బువ్వ అందరు తింటున్నరా? నాటువేసే మన అక్క లేచి "ఇది తప్పు" అంటే నాయకుడు కూసోని వింటున్నడా? ఈ మూడు లేని సంఘానికి రేపు రాజ్యమొస్తే మనకు వచ్చేది పెంట గంపనే. ఆ పుస్తకం ముందు మన వాడకు తెచ్చుకోవాలె, అక్షరం రానోళ్లకు చదివి వినిపియ్యాలె. మనం గీ పనితోనే మొదలు పెడదాం.